ప్లాస్మిన్ కొనాలా, ప్లాస్మినోజెన్ కొనాలా?

రక్తపు గడ్డలు కరగడం మీద పని మొదలుపెట్టే స్కాలర్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా కేటలాగ్ పట్టుకుని నా దగ్గరికొస్తారు. "అన్నా, ఇందులో ఏది ఆర్డర్ పెట్టమంటావ్?" ఒకే పేజీలో ప్లాస్మిన్, గ్లూ-ప్లాస్మినోజెన్, లైస్-ప్లాస్మినోజెన్, మైక్రోప్లాస్మిన్. పక్కన యూరోకైనేజ్, స్ట్రెప్టోకైనేజ్. ఒక్కోదానికి రెండు మూడు సైజులు. ధర కాలమ్ చూస్తే కళ్ళు తిరుగుతాయి. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "నీకు కోత కావాలా, కోత మొదలయ్యే తీరు కావాలా?"

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఆర్డర్ ఫారం సగం నిండినట్టే. తెలియకుండా కొంటే ఖరీదైన వయల్ ఫ్రీజర్‌లో పడి ఉంటుంది. మా ఫ్రీజర్‌లో అలాంటివి ఇప్పటికీ మూడున్నాయి.

గడ్డను కోసేది ప్లాస్మిన్. అయితే మన రక్తంలో అది ప్లాస్మిన్‌గా తిరగదు. కాలేయంలో తయారై, ఒరలో ఉన్న కత్తిలా ప్లాస్మినోజెన్ రూపంలో తిరుగుతుంది. ప్లాస్మాలో దాని గాఢత సుమారు 2 మైక్రోమోలార్, అంటే మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు అనుకోండి. టీపీఏ గానీ యూరోకైనేజ్ గానీ (ఈ పని చేసేవాటినే యాక్టివేటర్లు అంటారు) వచ్చి 561వ స్థానంలోని ఆర్జినైన్ దగ్గర ఒక్క గాటు పెడితే ఒక గొలుసు రెండవుతుంది. విడిపోకుండా వాటిని డైసల్ఫైడ్ బంధాలు పట్టుకుని ఉంటాయి. ఇక కత్తి బయటికొచ్చినట్టే. అది ఊరికే ప్లాస్మాలో తిరిగితే ప్లాస్మిన్‌ను అడ్డుకునే ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ అనే ప్రోటీన్ సెకనులో పదో వంతులోనే పట్టేస్తుంది. గడ్డను అల్లే పోగులైన ఫైబ్రిన్‌కు అతుక్కున్నదే అంతకన్నా చాలా ఎక్కువ సేపు బతుకుతుంది. పుట్టుక, పని, చావు మూడూ గడ్డ మీదే జరిగేలా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. సీసాలో వచ్చే ప్లాస్మిన్‌కు ఈ ఏర్పాట్లేవీ ఉండవు. దాంతో వచ్చే సుఖమూ కష్టమూ రెండూ అక్కడివే.

రెడీమేడ్ ప్లాస్మిన్ ఎప్పుడు

మీ ప్రశ్న ఇలా ఉందనుకోండి: ఫలానా ప్రోటీన్‌ను ప్లాస్మిన్ కోస్తుందా, ఎక్కడ కోస్తుంది? నా దగ్గరున్న కొత్త కాంపౌండ్ ప్లాస్మిన్‌ను ఆపుతుందా? కణాల చుట్టూ ఉండే లామినిన్, ఫైబ్రోనెక్టిన్ లాంటి ప్రోటీన్లు దీని ముందు ఎంతసేపు నిలబడతాయి? వీటికి రెడీమేడ్ ప్లాస్మినే కొనండి. మధ్యలో యాక్టివేటర్ ఉంటే ఇబ్బంది ఏమిటంటే, మీ కాంపౌండ్ ఆపింది ప్లాస్మిన్‌నా, యాక్టివేటర్‌నా అన్నది తేలదు. రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.

ఎంత కొనాలి? ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. లెక్క వేద్దాం. ప్లాస్మిన్ బరువు సుమారు 85 కిలోడాల్టన్లు. 100 మైక్రోలీటర్ల వెల్‌లో (ప్లేట్‌లోని ఒక చిన్న గుంట) 10 నానోమోలార్ గాఢత కావాలంటే పట్టేది 1 పికోమోల్, అంటే 85 నానోగ్రాములు. 100 మైక్రోగ్రాముల చిన్న వయల్‌తో లెక్క ప్రకారం వెయ్యికి పైగా వెల్స్ నడుస్తాయి. వృథా, రిపీట్లు, పైపెట్ తప్పులు పోను సగం మిగిలినా ఒక స్కాలర్‌కు చాలా నెలలు వస్తుంది. అందుకని మిల్లీగ్రాము ప్యాక్ చవక పడుతుందని ఎగబడొద్దు. ఎందుకొద్దో ఇప్పుడు చెబుతాను.

ప్లాస్మిన్ తనను తానే కోసుకుంటుంది. న్యూట్రల్ పీహెచ్‌లో, గది వేడిలో వదిలేస్తే ఒక అణువు పక్క అణువును కొరుక్కు తింటూ పోతుంది. మొదటి ఏడాది నేను వయల్‌ను మామూలు పీబీఎస్‌లో (న్యూట్రల్ పీహెచ్ ఉన్న ఉప్పు-ఫాస్ఫేట్ బఫర్) కలిపి, శుక్రవారం సాయంత్రం 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టి ఊరెళ్ళాను. సోమవారం వచ్చి చూస్తే రీడింగ్ పడుకుంది. కంపెనీ మోసం చేసిందని కోపంగా మెయిల్ రాశాను. "ఏ బఫర్‌లో కలిపారు?" అని వాళ్ళు ఒక్క లైనులో అడిగారు. తిరిగి జవాబు రాయడానికి మొహం చెల్లలేదు.

ఆమ్లంలో ఇది బుద్ధిగా ఉంటుంది. పీహెచ్ 3 దగ్గర కోత పని దాదాపు నిలిచిపోతుంది కాబట్టి తనను తాను తినడమూ నిలిచిపోతుంది. అందుకే 1 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ లాంటి పల్చని ఆమ్లంలోనో, సగం గ్లిజరాల్ ఉన్న ద్రావణంలోనో స్టాక్ చేసుకుంటారు. డేటాషీట్ ఏది చెబితే అది చేయండి, సొంత తెలివి వద్దు. ఒక్కసారి వాడకానికి సరిపడే చిన్న చిన్న ఆలిక్వాట్లు (వాటాలు) చేసి మైనస్ 80లో పెట్టండి. వాడే రోజు ఒకటి తీసి ఐస్ మీద ఉంచి, చివరి నిమిషంలో మాత్రమే పీహెచ్ 7.4 బఫర్‌లోకి పల్చన చేయండి. ఆ బఫర్‌లో 0.1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్) వేస్తే ఎంజైమ్ ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోదు. బీఎస్ఏ అయిపోయిందని కేసీన్ మాత్రం వేయకండి. కేసీన్ అంటే ప్లాస్మిన్‌కు విందు భోజనం. పాలల్లో సహజంగా ఉండే ప్లాస్మిన్ కూడా ఈ కేసీన్‌నే తింటుంది.

గ్లూనా, లైసా

గడ్డ లోపల అసలు ఏం జరుగుతుందో చూడాలంటే, అంటే యాక్టివేటర్ ఎంత వేగంగా పనిచేస్తుంది, ఫైబ్రిన్ అల్లిక బిగువుగా ఉంటే తేడా వస్తుందా, పేషెంట్ ప్లాస్మాలో కరగడం ఎందుకు ఆలస్యమవుతోంది లాంటి ప్రశ్నలకైతే, ప్లాస్మినోజెన్ కొని దానికి టీపీఏనో యూరోకైనేజో జతచేయాలి. అప్పుడు గ్లూ, లైస్ అనే రెండు రకాలు ఎదురవుతాయి.

ప్లాస్మాలో సహజంగా తిరిగేది గ్లూ-ప్లాస్మినోజెన్. దాని మొదటి అమైనో ఆమ్లం గ్లుటామిక్ యాసిడ్ కాబట్టి ఆ పేరు. ఇది ముడుచుకుని ఉంటుంది. తల భాగాన్ని ప్లాస్మిన్ కోసేస్తే మిగిలేది లైస్-ప్లాస్మినోజెన్. అది విచ్చుకుని ఉంటుంది, యాక్టివేటర్‌కు సులభంగా దొరుకుతుంది, గ్లూ కంటే చాలా రెట్లు వేగంగా ప్లాస్మిన్‌గా మారుతుంది, ఫైబ్రిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. గ్రాఫ్ త్వరగా లేచి అందంగా వస్తుంది కాబట్టి లైస్ కొనాలనిపిస్తుంది. నా సలహా అయితే గ్లూ. శరీరంలో ఏం జరుగుతుందో చెప్పాలనుకున్నప్పుడు శరీరంలో ఉన్న రూపాన్నే వాడాలి కదా. యాక్టివేటర్ బలహీనంగా ఉండి సిగ్నల్ రావడం లేదన్నప్పుడు, లేదా ఆ రెండు రూపాల మధ్య తేడానే మీ టాపిక్ అయినప్పుడు లైస్‌కు వెళ్ళండి.

గ్లూ కొన్నవాళ్ళకు ఒక చిన్న సంగతి. దాన్ని ముడుచుకునేలా ఉంచడంలో క్లోరైడ్ అయాన్ల పాత్ర ఉంది. మీరు సోడియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లో, పక్క ల్యాబ్ వాళ్ళు అసిటేట్ బఫర్‌లో చేస్తే వేగాలు కలవవు. ఇద్దరిదీ తప్పు కాదు. పోల్చుకోవడమే తప్పు.

ఇంకో చిక్కు ఎప్సిలాన్ అమైనోకాప్రోయిక్ యాసిడ్‌ది. ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మా నుంచి లైసిన్-సెఫరోజ్ కాలమ్ మీద పట్టి, ఈ యాసిడ్‌తో దింపుతారు. డాయిచ్, మెర్ట్జ్ 1970లో చూపించిన ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. దింపిన తర్వాత డయాలసిస్ (పొర గుండా చిన్న అణువులను బయటికి పంపేయడం) సరిగా చేయకపోతే యాసిడ్ కొంత మిగిలిపోతుంది. అది ప్లాస్మినోజెన్‌ను విచ్చుకునేలా చేస్తుంది, పైగా ఫైబ్రిన్‌ను పట్టుకునే చోట్లను మూసేస్తుంది. గ్లూ కొన్నామని మీరనుకుంటారు, ప్రవర్తన మాత్రం వేరేగా ఉంటుంది. డేటాషీట్‌లో చివరి బఫర్ ఏమిటో చదవకుండా ఇండెంట్ మీద సంతకం పెట్టించకండి.

వచ్చిన ప్లాస్మినోజెన్‌లో అప్పటికే కొంత ప్లాస్మిన్ పుట్టి ఉందేమో చూసుకోవడం తేలిక. యాక్టివేటర్ ఏదీ వేయకుండా ఎస్-2251 సబ్‌స్ట్రేట్ (ప్లాస్మిన్ కోస్తే పసుపు రంగునిచ్చే చిన్న అణువు) ఒక్కటే వేసి అరగంట చూడండి. పసుపు రంగు రాకూడదు. వస్తే వయల్ శుద్ధంగా లేనట్టు.

జతగా ఏది వేయాలి

యూరోకైనేజ్‌కు ఫైబ్రిన్ అవసరం లేదు, ద్రావణంలోనే ప్లాస్మినోజెన్‌ను మార్చేస్తుంది. గడ్డ లేకుండా, ఒట్టి ద్రావణంలో ప్లాస్మిన్ పుట్టించాలంటే ఇదే సుఖం. టీపీఏ అలా కాదు. ఫైబ్రిన్ కనిపిస్తేనే ఉత్సాహం. గడ్డ మీద ప్రయోగమైతే టీపీఏ వేయండి. హాస్పిటల్ సరఫరా నుంచి దొరికే ఆల్టెప్లేజ్ వయల్ టీపీఏనే, 1987లో అమెరికాలో గుండెపోటుకు అనుమతి పొందిన మందు. కానీ అందులో ఆర్జినైన్ దండిగా ఉంటుంది. ఆర్జినైన్ ఒక్కటే వేసిన కంట్రోల్ లేకుండా ఆ ఫలితాలను నేను నమ్మను.

స్ట్రెప్టోకైనేజ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చవకగా, తేలిగ్గా దొరికేది ఇదే. భారత్ బయోటెక్ ఇండికైనేజ్ పేరుతో, శాంతా బయోటెక్నిక్స్ శాంకైనేజ్ పేరుతో హైదరాబాద్ నుంచే రికాంబినెంట్ స్ట్రెప్టోకైనేజ్ తెచ్చాయి. గుండెపోటుకు 15 లక్షల యూనిట్లు ఎక్కించే మందు ఇది. "ఊళ్ళోనే దొరుకుతుంటే ఇంపోర్ట్ ఎందుకు?" అని గైడ్ అడగడం సహజం.

ఎందుకంటే ఇది అసలు ఎంజైమే కాదు. బాక్టీరియా ప్రోటీన్. 1933లో టిల్లెట్, గార్నర్ స్ట్రెప్టోకోకస్ కల్చర్ ద్రవంతో గడ్డ కరగడం చూసినప్పుడు అదే గడ్డను కోస్తోందనుకున్నారు. నిజానికి అది ప్లాస్మినోజెన్‌ను ఒకటికొకటి చొప్పున పట్టుకుని, గాటు పెట్టకుండానే దాన్ని పనిలోకి దింపుతుంది. ఆ జంట మిగతా ప్లాస్మినోజెన్‌ను కోసి ప్లాస్మిన్‌గా మారుస్తుంది. దీనివల్ల మూడు తలనొప్పులు. జంట కూడా ఎస్-2251ను కోస్తుంది కాబట్టి రంగు వచ్చినంత మాత్రాన అది ప్లాస్మినే అనలేం. ఆల్ఫా-2 యాంటీప్లాస్మిన్ ఆ జంటను పట్టుకోలేదు కాబట్టి శరీరపు అదుపు గురించి ఏ మాటా చెప్పలేం. ఇక స్ట్రెప్టోకైనేజ్ మరీ ఎక్కువ పోస్తే ఉన్న ప్లాస్మినోజెన్ అంతా జంటలకే అయిపోయి, ప్లాస్మిన్‌గా మారడానికి ఏమీ మిగలదు. పోసినకొద్దీ గడ్డ కరగడం తగ్గుతుంది! ఇది చూసి కంగారుపడి ప్రయోగం నాలుగుసార్లు రిపీట్ చేసిన కుర్రాణ్ణి నేనెరుగుదును.

ఎలుక ప్లాస్మా మీద పనిచేసేవాళ్ళు అసలు దీని జోలికి వెళ్ళొద్దు. మనిషి ప్లాస్మినోజెన్‌తో కలిసినంత బాగా ఎలుకదానితో కలవదు. శాంపిల్‌లో మొత్తం ప్లాస్మినోజెన్ ఎంతుందో కొలవడానికైతే మాత్రం స్ట్రెప్టోకైనేజ్ బంగారం. కావాలనే ఎక్కువ పోసి, అంతటినీ జంటలు చేసి, ఎస్-2251తో కొలుస్తారు.

మైక్రోప్లాస్మిన్ సంగతి రెండు ముక్కల్లో. ప్లాస్మిన్‌కు ముందున్న అయిదు క్రింగిల్స్‌నూ (ఫైబ్రిన్‌ను పట్టుకునే మడతలు) తీసేసి, కోసే భాగాన్ని మాత్రం ఉంచితే వచ్చేది ఇది. 249 అమైనో ఆమ్లాలు, 27 కిలోడాల్టన్లు. ఓక్రిప్లాస్మిన్ పేరుతో 2012లో అమెరికాలో కంటి మందుగా అనుమతి పొందింది. రెటీనాను లాగుతున్న విట్రియస్ (కంట్లోని జెల్లీ) పట్టును వదిలించడానికి కంట్లోకి ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. క్రింగిల్స్ లేవు కాబట్టి ఫైబ్రిన్‌ను పట్టుకోదు. గడ్డ ప్రయోగాలకు అందుకే పనికిరాదు. యాక్టివ్ సైట్‌ను ఆపే ఇన్హిబిటర్లు వెతికేవాళ్ళకు, స్ట్రక్చర్ పనివాళ్ళకు బాగుంటుంది.

నాటోకైనేజ్‌ను ప్లాస్మిన్‌కు బదులు వాడొచ్చా అని అడుగుతుంటారు. అది నాటో అనే జపాన్ పులియబెట్టిన సోయా వంటకం నుంచి వచ్చే బాక్టీరియా ఎంజైమ్, ఫైబ్రిన్‌ను నేరుగా కోస్తుంది. క్లాసులో డెమోకు సరిపోతుంది. మానవ ప్లాస్మిన్ గురించి పేపర్ రాయడానికి సరిపోదు.

యూనిట్ల గందరగోళం

ఒక కంపెనీ కేసీన్ యూనిట్లు అంటుంది, ఇంకొకటి సీటీఏ యూనిట్లు, మరొకటి అంతర్జాతీయ యూనిట్లు, వేరొకటి సింథటిక్ సబ్‌స్ట్రేట్ మీద కొలిచిన యూనిట్లు. "మిల్లీగ్రాముకు 20", "మిల్లీగ్రాముకు 3" అని ఉంటే మొదటిది బలమైనదని అనుకోవడానికి లేదు. ఒకటి శేరు, ఇంకొకటి కిలో. ధరను యూనిట్‌తో భాగించి పోల్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. కావలసింది యాక్టివ్ సైట్ టైట్రేషన్ చేశారా, అంటే ఉన్న అణువుల్లో ఎన్ని నిజంగా పనిచేస్తున్నాయి అన్న అంకె. అది ఇచ్చే కంపెనీకి కొంచెం ఎక్కువ పెట్టొచ్చు. ఇవ్వకపోతే పేపర్లో గాఢతను నానోమోలార్‌లో రాసేటప్పుడు, అది ప్రోటీన్ గాఢతే తప్ప చురుకైన ఎంజైమ్ గాఢత కాదని రాసుకోవాలి.

ఈ ఎంజైములు చాలావరకు మనుషుల ప్లాస్మా నుంచి తీసినవే. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేశామని సర్టిఫికెట్ ఉంటుంది. ఉన్నా సరే గ్లోవ్స్, బీఎస్ఎల్-2 పద్ధతి తప్పవు.

వెల్‌లో చూస్తే

ఏది కొన్నా చివరికి చూసేది 96 వెల్స్ ప్లేట్‌లోనే. మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాముల ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌కు ముడిసరుకు) పోసి, దాన్ని ఫైబ్రిన్‌గా మార్చే త్రాంబిన్ చుక్క కలిపితే పాలల్లో తోడు పడ్డట్టే. కాకపోతే రాత్రంతా ఆగక్కర్లేదు, నిమిషాల్లో గంజిలా తెల్లబడి బిగుసుకుంటుంది. ప్లేట్ వంచినా జారదు. దాని మీద ప్లాస్మిన్ పోసి 37 డిగ్రీల్లో ఉంచితే పైనుంచి తేట కిందికి దిగుతూ వస్తుంది. ప్లాస్మినోజెన్, టీపీఏ రెండింటినీ ముందే గడ్డలో కలిపి ఉంచితే అలా కాదు. కాసేపు ఏమీ జరగనట్టుంటుంది, తర్వాత వెల్ మొత్తం ఒక్కసారిగా తేటపడుతుంది. ఆ "కాసేపు" ఉంది చూశారా, చాలా థీసిస్‌లు దాని మీదే నిలబడ్డాయి. రెడీమేడ్ ప్లాస్మిన్ కొన్నవాళ్ళకు అది కనిపించదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. గడ్డ తెలుపును 405 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఎస్-2251 తెగితే వచ్చే పసుపునూ అక్కడే చదువుతారు. రెండూ ఒకే వెల్‌లో పెడితే గడ్డ కరిగి రీడింగ్ తగ్గుతుంటే, పసుపు పుట్టి పెరుగుతుంటుంది. గ్రాఫ్ చూసి తల పట్టుకోవాల్సిందే. రెండూ ఒకేసారి కావాలంటే ఏఎంసీ ఉన్న ఫ్లోరోజెనిక్ సబ్‌స్ట్రేట్‌కు (తెగితే పసుపుకు బదులు వెలుగునిచ్చేది) మారండి.

ఇంకొకటి ఫైబ్రినోజెన్ సీసాలోనే ఉంటుంది. ప్లాస్మా నుంచి తీసిన మామూలు ఫైబ్రినోజెన్‌లో ప్లాస్మినోజెన్ కొంత దాగి ఉంటుంది. మీరు వేయకపోయినా, టీపీఏ ఒక్కటే వేసిన కంట్రోల్ వెల్ కరిగిపోతుంది. "ప్లాస్మినోజెన్ తీసేసినది" అని రాసి ఉన్న ఫైబ్రినోజెన్ కొంచెం ప్రియం, కానీ ప్లాస్మినోజెన్ మోతాదు మీద పని అయితే అది లేకుండా కుదరదు. పాత పద్ధతిలో గట్టిపడిన ఫైబ్రిన్ ప్లేట్‌ను 80 డిగ్రీలు దాటించి అరగంట వేడిచేసి, అందులోని ప్లాస్మినోజెన్‌ను చంపేవారు. డబ్బుల్లేనప్పుడు అదీ ఒక దారే.

టిష్యూ లైసేట్ మీద చేసేవాళ్ళు, లైసేట్ తయారుచేసేటప్పుడు ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ వేశారేమో చూసుకోండి. చాలా కాక్‌టెయిల్స్‌లో అప్రోటినిన్ ఉంటుంది, అది ప్లాస్మిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. దాన్నే రియాక్షన్ ఆపడానికి వాడుకోవచ్చు. ట్రానెక్సామిక్ యాసిడ్ కూడా ఆపుతుంది కదా అంటారు. అది క్రింగిల్స్‌ను మూసి గడ్డ కరగడాన్ని ఆపుతుంది, యాక్టివ్ సైట్‌ను కాదు. ప్లాస్మిన్, ఎస్-2251 ఉన్న ట్యూబ్‌లో అది వేసి చూడండి, పసుపు వస్తూనే ఉంటుంది.

ఆర్డర్ విషయానికొస్తే, మూడు కొటేషన్లు, ఇండెంట్, సంతకాలు, డ్రై ఐస్‌లో రవాణా, కస్టమ్స్ అన్నీ దాటి వచ్చేసరికి నెలన్నర రెండు నెలలు పట్టడం మాకు అలవాటే. అందుకని ద్రవరూపం, పొడిరూపం రెండూ ఉంటే నేను పొడిదే తీసుకుంటాను. దారిలో డ్రై ఐస్ అయిపోయినా అది కొంత తట్టుకుంటుంది. పార్సెల్ శుక్రవారం మధ్యాహ్నం వస్తే తెరవకుండా, కలపకుండా నేరుగా ఫ్రీజర్‌లో పెట్టేసి ఇంటికెళ్ళండి. సోమవారం పొద్దున కలిపి, ఆలిక్వాట్లు చేసి, మూత మీద తేదీతో పాటు ఏ బఫర్‌లో కలిపారో కూడా మార్కర్‌తో రాయండి. అదే రోజు ఒక ఆలిక్వాట్‌తో ఎస్-2251 రీడింగ్ తీసి నోట్‌బుక్‌లో పెట్టుకోండి. నెలకోసారి అదే రీడింగ్ మళ్ళీ తీస్తే వయల్ ఎప్పుడు ముసలిదైందో మీకే తెలుస్తుంది. వాడగా మిగిలిన ఆలిక్వాట్‌ను మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టకుండా పారేయండి. మనసొప్పదు, తెలుసు. అయినా పారేయండి.